జులైలో వానాకాలం థీమ్ ఇచ్చినారు, బయట ఎండ మాడుస్తా ఉంది. మూడేళ్ల పిలకాయలకు వాతావరణం ఎట్లా చేయించేది?

కొండకింద_టీచర్ | జులై 6

అందరికీ నమస్తే. తిరుపతిలో ఒక ప్లేస్కూల్లో చేస్తా ఉన్నాను, నర్సరీ, 17 మంది పిలకాయలు, అందర్లోకి చిన్నోడికి మూడు ఇప్పుడే నిండింది, పెద్దపాపకు నాలుగున్నర. ఈ నెల థీమ్ వెదర్ అని పైనుంచి వచ్చింది, రెండు వారాలు, అందులో మొదటి వారం రెయినీ సీజన్ అంట. గొడుగు బొమ్మకు రంగులెయ్యడం, దూది అతికించి మబ్బు చెయ్యడం, నీలం వేలిముద్రలతో చినుకులు. సరే అని మొదలుపెట్టినా. పిలకాయలు కిటికీలోంచి బయటికి చూస్తా ఉంటారు, బయట కళ్ళు చెదిరే ఎండ, లోపల నేను చూడండి నాన్నా వాన పడతా ఉంది అని నీలం కాగితాలు ఊపతా ఉన్నా. నాకే నవ్వొచ్చింది.

దీనికి తోడు ఒక చార్టు ఇచ్చినారు. నాలుగు బొమ్మలు: సూర్యుడు, మబ్బు, గొడుగు, మంచుబొమ్మ. మధ్యలో బాణం. పొద్దున్నే ఒకర్ని పిలిచి ఈపొద్దు వెదర్ ఎట్లుందమ్మా అని అడిగి బాణం తిప్పించాలి. ఎవరిని పిలిచినా నేరుగా తీసకపోయి మంచుబొమ్మ మీదే పెడతారు, దాని ముక్కు క్యారెట్టు కదా, మెళ్ళో ఎర్ర మఫ్లరు, అది ముద్దుగా ఉంది వాళ్ళకి. బయట 38 డిగ్రీలు. నేను కాదు నాన్నా సన్నీ అని బాణం వెనక్కి తిప్పేది, వాడు మూతి ముడుచుకునేది. రోజూ ఇదే భాగోతం.

పోయిన వారం వీడియోలో చూసి షేవింగ్ ఫోమ్ మబ్బు కూడా చేసినా. గ్లాసు నీళ్ళ మీద నురగ వేసి, పైన నీలం రంగు చుక్కలు వేస్తే మెల్లిగా కిందికి దిగి వానలాగా అగపడతాది. బాగానే దిగింది, అందరూ ఓ అన్నారు, నేను రెండో గ్లాసు కోసం అట్లా తిరిగేలోపల ఒకడు ఆ నురగను ఐస్‌క్రీం అనుకోని నాలుగు వేళ్ళతో నోట్లో పెట్టుకున్నాడు. పుక్కిలించి పుక్కిలించి వాంతి. సాయంత్రం వాళ్ళమ్మ ఫోను, ఆ తర్వాత మేనేజ్‌మెంట్ ఫోను. ఇంగ అట్లాంటివి వద్దు వర్క్‌షీట్లు చేయించు చాలన్నారు.

నాకు వర్క్‌షీట్లు ఇష్టం లేదు. చేతులు పెట్టి చేసేవి కావాలి. బడ్జెట్ దాదాపు సున్నా, ఒక హాలు, పైన మిద్దె, ఒక కొళాయి, పక్కన వేపచెట్టు. ఇదీ నా ఆస్తి. ఎవరైనా చేసి చూసినవి ఉంటే చెప్పండి, నెట్లో చూసినవి వద్దు, అవి నేనూ చూసినా.


పల్లె_అంగన్‌వాడి | జులై 6

మేడం, ముందు ఆ చార్టును గోడకు తిప్పి పెట్టేయండి. మీరు తిరుపతిలో ఉండి చార్టు ఎందుకు, కొండ ఉంది కదా. పొద్దున్నే పిలకాయల్ని మిద్దె మీదికి తీసకపోయి కొండ అగపడతా ఉందా లేదా అని అడగండి, అంతే. ఒకరోజు బండలు కూడా లెక్కపెట్టేట్టు ఉంటాది, ఒకరోజు మసక మసగ్గా ఉంటాది, వానొచ్చే ముందు కొండ సగం మబ్బులో మునిగిపోతాది, ముసురు పట్టిందంటే కొండే ఉండదు. దీనికి మించిన చార్టు ఎవరూ అచ్చు వెయ్యలేరు. మాది చిత్తూరు పక్క పల్లె, మాకు అంత కొండ లేదు, చెరువు కట్ట మీద తాటిచెట్లు చూపిస్తా నేను.

నేను 16 ఏళ్ళుగా సెంటర్ నడపతా ఉండా. మాకూ పుస్తకంలో జూన్ జులై వానాకాలం అనే ఉంటాది. మనకు జూన్ జులైలో యాడ వాన? ఎప్పుడో సాయంత్రం ఉరిమి అరగంట దంచితే దంచినట్టు, లేదంటే లేదు. మన వాన దసరా దాటినాక, దీపావళి అటూ ఇటూ, వాయుగుండం అని టీవీలో చెప్తారే అప్పుడు. కాబట్టి మీరు వాన పాఠం దాచిపెట్టుకోండి, ఇప్పుడు ఏముందో అది చెయ్యండి. ఇప్పుడేముంది, గాలి. ఆషాఢం గాలి ఉట్టినే పోతా ఉంది కదా. తాటాకు రెండు పీలికలు అడ్డంగా మడిచి నడుమ తుమ్మముల్లు గుచ్చితే గిర్రున తిరిగేది చిన్నప్పుడు మనమంతా చేసినామే, అది చెయ్యండి, టౌన్లో తాటాకు దొరక్కపోతే పాత పెండ్లిపత్రిక అట్టతో చెయ్యండి, ముల్లు బదులు గుండుసూది మాత్రం వద్దు, ఒక స్ట్రా పెట్టి టేపు వెయ్యండి. అది పట్టుకోని లగెత్తితే తిరగతాది, నిలబడితే గాలొస్తే తిరగతాది, రెండిటికీ తేడా వాళ్ళకే తెలుస్తాది. పాత పంచె చింపి పీలికలు మిద్దె తీగెకు కట్టండి, ఏ పక్కకు ఎగరతా ఉంటే గాలి ఆ పక్కకు పోతా ఉన్నట్టు. మా పిలకాయలు అయితే గాలి మా అవ్వోళ్ళ ఊరికి పోతా ఉందని చెప్తారు, దిక్కులు అట్లా నేర్చుకున్నారు.

ఇంకొకటి, ఇది నాకు శానా ఇష్టం. స్టీలు చెంబులో ఐసు నీళ్ళు పోసి మూత పెట్టి నడుమ పెట్టండి. చెంబు బయట ఒక్క చుక్క లేకుండా గుడ్డతో బాగా తుడవండి, తుడిచేది వాళ్ళ చేతే చేయించండి. ఒక అయిదు నిమిషాలు వేరే కథేదో చెప్పి మళ్ళా చూడమనండి. చెంబంతా చెమట. ఏమయ్యిందంటే అందరూ ఒకటే మాట, చెంబు ఓటి పడింది మేడం అంటారు. ఏ పిల్లైనా అదే అంటాది, పెద్దోళ్ళు కూడా కొందరు అంటారు. అప్పుడు రెండో రోజు అదే చెంబులో ఐసు నీళ్ళతో పాటు ఇంత పసుపు కలపండి. చెంబు ఓటిదైతే బయటికి పచ్చనీళ్ళు రావాలి కదా? బయట చూస్తే తెల్లనీళ్ళు. వేలుతో తుడిచి తెల్లగుడ్డకు అద్ది చూపించండి. నేను ఏమీ చెప్పను, గమ్మున కూర్చుంటా. పోయిన ఏడు ఒక పాప, సరిగ్గా మాట కూడా రాదు దానికి, చాలాసేపు చూసి చూసి, పైకి వేలు చూపించి, ఈడ నుంచి వచ్చినాయి, అనింది. గాలిలో నుంచి అని. నాకు ఒళ్ళు జల్లుమనింది మేడం.


మదనపల్లె_మంచు | జులై 6

మంచుబొమ్మను ఏమనొద్దు టీచర్‌గారూ, మా మదనపల్లె వైపు పంపించండి. డిసెంబర్లో హార్స్‌లీ కొండ మీద పొద్దున్నే పొగమంచులో పక్కనున్న మనిషి కనిపించడు, దానికి క్యారెట్టు పెట్టేస్తే సరి. జిల్లా వేరైపోయినా చలి మాత్రం మేమే సప్లై చేస్తాం, టమాటా లాగా.

జోకు పక్కన పెడితే మా పాప స్కూల్లో కూడా ఇదే చార్టు. ఇంటికొచ్చి నాన్నా మన ఊర్లో స్నో ఎప్పుడు పడుతుంది అని రోజూ అడిగేది. ఫ్రిజ్ పైన అరలో గీకి ఇంత మంచు చేతిలో పెట్టా. రెండు నిమిషాలు పట్టుకోని, చెయ్యి నొప్పి, వద్దు ఈ స్నో, అని సింకులో పడేసింది. అప్పట్నుంచీ అడగలేదు.


సైన్సుమాస్టారు_పుత్తూరు | జులై 7

అంగన్‌వాడీ అక్కగారి చెంబు ప్రయోగం హైస్కూల్లో కూడా పనికొచ్చేది, నేను ఎనిమిదో తరగతిలో చేయిస్తాను, అక్కడ కూడా సగం మంది లీకే అంటారు. పసుపు కలపాలన్న ఆలోచన నాకు రాలేదు, రేపే చేస్తా.

కొండకింద టీచర్‌గారికి కొన్ని మాటలు. షేవింగ్ ఫోమ్ గురించి బాధపడకండి, అది నోట్లో పెట్టుకోకపోయినా దాంట్లో ఒక తప్పు ఉంది. నీళ్ళు నిండిన సంచీ బరువెక్కి కారిపోయినట్టు మబ్బును చూపిస్తుంది. మబ్బు అంటే సంచీ కాదు, దూది అసలే కాదు, కంటికి కనపడనంత సన్నటి నీటి తుంపర గాలిలో తేలుతూ ఉండడం. ఒకసారి దూది అని తలకెక్కితే తీయడం చాలా కష్టం, మా పదో తరగతి వాళ్ళలో కూడా మబ్బు మీద కూర్చోవచ్చు అనుకునేవాళ్ళున్నారంటే నమ్మండి. దానికి బదులు గాజు సీసాలో అడుగున వేడినీళ్ళు పోసి, ఒక అగరబత్తి పొగ కొంచెం లోపలికి పోనిచ్చి, మూతి మీద ఐసు ముక్కలున్న పళ్ళెం పెట్టండి. లోపల తెల్లగా మబ్బు కడుతుంది. పొగ ఎందుకంటే నీటి ఆవిరి పట్టుకోని కూర్చోడానికి ఏదో ఒక నలుసు కావాలి, పైన నిజం మబ్బులో కూడా దుమ్మో ఉప్పో ఏదో నలుసు ఉంటుంది. వేడినీళ్ళు మీరే పొయ్యాలి, పిల్లలు రెండడుగుల దూరం. పళ్ళెం తీసేస్తే మబ్బు బయటికొస్తుంది, అప్పుడు చెయ్యి పెట్టనివ్వండి. మబ్బును పట్టుకున్నాం అని గంతులేస్తారు, చేతిలో ఏమీ ఉండదు, చెమ్మ తప్ప.

రెండోది నీడ. జులైలో మిద్దె ఉందంటున్నారు కాబట్టి పొద్దున 9కి ఒకర్ని నిలబెట్టి సుద్దముక్కతో నీడ గీయండి, పాదాల చుట్టూ కూడా గీస్తే మళ్ళా అక్కడే నిలబడొచ్చు. పదకొండింటికి మళ్ళా గీయండి. నీడ కురచైపోయి ఉంటుంది. మన తిరుపతికి ఒక అదృష్టం ఉంది. సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన వస్తాడు, ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి. ఆ రోజు పన్నెండుంబావు ప్రాంతంలో నిలబెట్టిన చెంబుకు నీడే ఉండదు. ఏప్రిల్లో మీకు సెలవులు దగ్గరపడతాయి, ఆగస్టుది పట్టుకోండి, మబ్బు లేకపోతే. ఢిల్లీ వాళ్ళకు ఈ భాగ్యం లేదు, వాళ్ళకు సూర్యుడు నడినెత్తికి ఎప్పుడూ రాడు.

మూడోది, పెద్దపిల్లలుంటే గాదంకి గురించి చెప్పండి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలోనే కదా వాతావరణ పరిశోధన ల్యాబ్ ఉండేది, అక్కడి రాడార్ అంటే గుండ్రటి పళ్ళెం కాదు, నేలమీద వరసలుగా నాటిన 1,024 ఆంటెన్నాలు, తోటలాగా ఉంటుంది. అక్కడ నుంచి పెద్ద పెద్ద బెలూన్లు కూడా పైకి వదులుతారు, పైన గాలి ఎట్లా ఉంది, ఎంత చల్లగా ఉంది అని కనుక్కోడానికి. మీ పిల్లలకు ఒక బెలూన్, ఒక దారం, ఒక చిన్న కాగితం కట్టి ఇస్తే సరిపోతుంది, రాడార్ తర్వాత.


పల్లె_అంగన్‌వాడి | జులై 7

సార్ నమస్తే. మీరు చెప్పింది అంతా నిజమే గానీ మూడేళ్ల పిల్లకు ఆవిరి, నలుసు అని చెప్తే దానికి ఏం ఎక్కుతాది సార్. దూది మబ్బు అతికిస్తే అతికించనీండి, దానికి వేళ్ళకు పని. మబ్బు అంటే ఏందో తర్వాత మీరు చెప్పండి ఎనిమిదిలో. మేము చూపించేది వరకే.


సైన్సుమాస్టారు_పుత్తూరు | జులై 7

అక్కా, ఒప్పుకున్నా. చెప్పొద్దు, చూపించండి చాలు. కానీ దూది ఒకటే చూపించి వదిలెయ్యకండి అనేదే నా గోల. ఆ చెంబు, ఆ సీసా కూడా చూసి ఉంటే నా ఎనిమిదో తరగతికి వచ్చేసరికి నా పని సగం తగ్గుతుంది.


ఇద్దరుపిల్లల_అమ్మ | జులై 8

నేను టీచర్ కాదు, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఒక్క విషయం చెప్పాలనిపించింది. 2021 నవంబర్లో తిరుపతి మునిగినప్పుడు మేము లోతట్టు కాలనీలో అద్దెకు ఉన్నాం. మా పెద్దోడికి అప్పుడు మూడున్నర. రాత్రి కరెంటు పోయింది, నీళ్ళు ముందు వాకిట్లోకి, తర్వాత హాల్లోకి, వాడి చెప్పులు తేలుతూ పోయాయి, వాడిని వాళ్ళ నాన్న భుజం మీద ఎత్తుకోని పై వాటాలోకి తీసుకుపోయాడు. ఆ తర్వాత దాదాపు ఏడాది పాటు మబ్బు పడితే చాలు వాడు నా కొంగు వదిలేవాడు కాదు. స్కూల్లో టీచర్ వాన అంటే ఎంత సరదానో అని కాగితం పడవలు చేయించింది, వాడు ఆ రోజు ఏడ్చి ఏడ్చి ఇంటికొచ్చాడు. టీచర్ తప్పు కాదు, ఆమెకు తెలియదు.

అందుకే చెప్తున్నా, క్లాసులో ఎవరికైనా వానంటే, ఉరుమంటే భయం ఉందేమో ముందు వాళ్ళ అమ్మానాన్నల్ని అడగండి. మావాడికి భయం పోయింది ఎట్లాగంటే, మా ఆడబిడ్డ చెప్పింది, మెరుపు రాగానే ఒకటి రెండు అని లెక్క పెట్టమని. ఉరుము వినపడేదాకా లెక్క పెట్టేది. ఎక్కువ అంకెలు వస్తే ఉరుము దూరంలో ఉన్నట్టు. వాడికి అదొక ఆటైపోయింది, ఒకరోజు 'అమ్మా పదిహేను, అది రేణిగుంటలో పడింది' అని నాకే ధైర్యం చెప్పాడు. రేణిగుంట ఎందుకన్నాడో వాడికే తెలియాలి.


సైన్సుమాస్టారు_పుత్తూరు | జులై 8

చాలా మంచి మాట అమ్మా. లెక్క కూడా సరైనదే, శబ్దం ఒక కిలోమీటర్ రావడానికి 3 సెకన్లు పడుతుంది, కాబట్టి పదిహేను అంటే అయిదు కిలోమీటర్లు. కానీ ఒక జాగ్రత్త, అయిదు కిలోమీటర్లు అంటే దూరం అనుకోవద్దు, ఉరుము వినపడిందంటేనే మనం పిడుగు పడే పరిధిలో ఉన్నట్టు. లెక్కపెట్టే ఆట ఇంట్లో కూర్చోని ఆడాలి. టీచర్‌గారూ, మిద్దె మీద ప్రోగ్రాంలు అన్నీ ఉరుము వినపడగానే బంద్, వేపచెట్టు కింద నిలబడడం అస్సలు వద్దు. ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, పుణె వాతావరణ శాస్త్రవేత్తలు చేసింది, చుట్టుపక్కల ఎక్కడ మెరుపులు పడుతున్నాయో చూపిస్తుంది.


కొండకింద_టీచర్ | జులై 12

అక్కా, సార్, అమ్మా, అందరికీ చాలా థాంక్స్. చార్టు తిప్పేసినా. నిజంగానే గోడకు తిప్పేసినా, మేనేజ్‌మెంట్ వాళ్ళు వచ్చే రోజు మళ్ళా ఇటు తిప్పుతా.

రోజూ పొద్దున మిద్దెకు పోయి కొండ చూసి వస్తా ఉన్నాం. మొదటిరోజు అందరూ కొండ ఉంది అని అరిచి దిగొచ్చినాం, అంతే. నాలుగోరోజు మసగ్గా ఉంది, మా పెద్దపాప కొండకు కళ్ళజోడు పెట్టాలి మిస్ అనింది. దాన్నే మా పలకమీద రాసిపెట్టినా, కొండకు కళ్ళజోడు కావాలి అని ఒక గుర్తు, రెండు సున్నాలు.

గాలి చక్రాలు పెండ్లిపత్రికలతో చేసినాం, మా ఇంట్లో ఒక సంచీ నిండా ఉన్నాయి, బంగారు రంగు అట్టలు కదా ఎండలో తళతళ. మూడు విరిగినాయి, రెండింటికి కొట్లాట. ఫ్యాన్ కింద పెడితే కూడా తిరగతా ఉందే మిస్, ఫ్యాన్ కూడా గాలేనా అని అడిగినాడు మన నురగ తిన్నోడు. నేను ఏం చెప్పాలో తెలియక నువ్వే చెప్పు అన్నా. ఫ్యాను గాలి చేస్తాది, బయట గాలిని ఎవరు చేస్తారు అన్నాడు. ఇంగ దానికి నా దగ్గర ఆన్సర్ లేదు, సారు ఎవరైనా చెప్పండి, మూడేళ్ల భాషలో.

తడిగుడ్డల ఆట కూడా చేసినాం, రెండు కర్చీఫులు, ఒకటి మిద్దె మీద ఒకటి హాల్లో. మిద్దె మీదది గంటలోపే అప్పడంలాగా ఆరిపోయింది. హాల్లోది మధ్యాహ్నానికి కూడా చెమ్మగానే ఉంది. నీళ్ళు ఎక్కడికి పోయినాయి అంటే, ఎండ తాగేసింది అన్నారు. నేను సరిదిద్దలేదు. సార్ తిట్టొద్దు.

ఐసు పందెం కూడా. మూడు పళ్ళేల్లో ఒకటి ఎండలో, ఒకటి నీడలో, ఒకటి రంపంపొట్టులో పాతిపెట్టి. ఎవరిది ముందు కరిగిపోతాదో చెప్పండి అంటే అందరూ పొట్టులోదే అన్నారు, దుప్పటి కప్పినాం కదా వేడెక్కుతుంది అని. ఎండలోది పది నిమిషాల్లో నీళ్ళు. నీడలోది తర్వాత. పొట్టులోది మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు తవ్వి చూస్తే ఇంకా శనగ్గింజంత ఉంది. వాళ్ళ మొహాలు చూడాల్సింది. దుప్పటి కప్పితే వెచ్చగా కదా ఉండాల్సింది, ఐసు ఎందుకు మిగిలింది. నేనూ ఆలోచిస్తా ఉన్నా.


సైన్సుమాస్టారు_పుత్తూరు | జులై 12

తిట్టను అమ్మా, ఎండ తాగేసింది అంటే ఎనభై శాతం కరెక్టే.

దుప్పటి వేడిని పుట్టించదు, అటుది ఇటు రానివ్వదు అంతే. మన ఒంట్లో వేడి ఉంది కాబట్టి అది బయటికి పోకుండా ఆపితే వెచ్చగా ఉంటుంది. ఐసుకు బయటి వేడి లోపలికి రాకుండా ఆపింది. ఫ్రిజ్‌లు లేని కాలంలో ఐసు గడ్డలు పొట్టులోనే కదా పెట్టి అమ్మేవాళ్ళు.

గాలి ప్రశ్నకు మూడేళ్ల భాషలో: ఎండకు నేల వేడెక్కి, వేడిగాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి పక్కనుంచి చల్లగాలి పరుగెత్తుకోని వస్తుంది. దాన్ని చూపించాలంటే ఒక సన్నటి కాగితాన్ని పాములాగా చుట్టలు చుట్టలుగా కత్తిరించి దారం కట్టి, వెలుగుతున్న దీపం పైన బాగా ఎత్తులో పట్టుకోండి, పాము తిరుగుతుంది. మీరు మాత్రమే పట్టుకోవాలి. అంటే బయట గాలిని చేసేది ఎండే అని చెప్పండి వాడికి, ఎండే తాగుతుంది, ఎండే ఊదుతుంది.


పల్లె_అంగన్‌వాడి | జులై 13

ఎండే ఊదుతాది. సార్ ఈ మాట నేను రేపు చెప్తా మా పిలకాయలకు.

మేడం, వాన వచ్చేలోపల ఒక వానడబ్బా చేసి పెట్టుకోండి, అప్పుడు చెయ్యాలంటే కుదరదు, వానలో సెలవులొస్తాయి. సార్, కొలతలు మీరు చెప్పండి.


సైన్సుమాస్టారు_పుత్తూరు | జులై 13

నిటారుగా ఉండే ప్లాస్టిక్ బాటిల్, పైన గరాటు భాగం కత్తిరించి తిరగేసి అదే బాటిల్లో పెట్టెయ్యండి. కత్తిరించిన అంచు మీద టేపు చుట్టండి, కోసుకుంటారు. అడుగున బాటిల్ గుంటలు గుంటలుగా ఉంటుంది కదా, అక్కడ కొలత తప్పుతుంది, అందుకని చిన్న గులకరాళ్ళు వేసి, గుంటలు మునిగేదాకా నీళ్ళు పోసి, ఆ మట్టం దగ్గర గీత గీయండి. అది సున్నా. అక్కడి నుంచి సెంటీమీటర్ల గీతలు. పిల్లలకు అంకెలు వద్దు, ఒక్కో సెంటీమీటర్‌కు ఒక్కో రంగు టేపు అతికించండి, ఈరోజు వాన ఆకుపచ్చ దాకా వచ్చింది అంటారు. చెట్టు కింద, చూరు కింద పెట్టకూడదు, మిద్దె నడుమ ఇటుకల మధ్య ఇరికించి పెట్టండి, గాలికి పడిపోతుంది. వాతావరణ శాఖ వాళ్ళు పొద్దున 8.30కి కొలుస్తారు, ముందు రోజు 8.30 నుంచి ఆ రోజు 8.30 దాకా పడింది ఒక రోజు వాన. మీ స్కూలు 9కి కదా, మీ లెక్క వాళ్ళ లెక్క దగ్గర దగ్గర సరిపోతుంది. పేపర్లో పడిన దాంతో పోల్చుకోవచ్చు, కొంచెం తేడా వస్తుంది, ఒక వీధిలో పడిన వాన ఇంకో వీధిలో పడదు మన ఊర్లో.

24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే దాన్ని భారీ వర్షం అంటారు. ఆరున్నర సెంటీమీటర్లు, పెద్దవాళ్ళ బొటనవేలు పొడుగు. చూడ్డానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ పది అడుగులకు పది అడుగుల మిద్దె మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితేనే 90 లీటర్ల పైన నీళ్ళు.


కొండకింద_టీచర్ | నవంబర్ 14

పాత పోస్టు పైకి తెస్తున్నందుకు సారీ. చెప్పకుండా ఉండలేకపోయినా.

ఆగస్టులో నీడ పోయే రోజు మబ్బు పట్టేసింది, రెండు రోజులు మిద్దె మీద చెంబు పెట్టుకోని కూర్చున్నాం, ఏమీ కనపడలేదు, మూడో రోజు చూస్తే నీడ సన్నటి గీతంత మిగిలింది. చెంబు దగ్గరికి పోయి ఒకడు మా నీడ ఎవరో తినేసినారు అన్నాడు, అదీ ఒక ఫలితమే అనుకున్నాం.

అక్టోబర్ నడుమ నుంచి వాన మొదలైంది కదా. వానడబ్బా జులైలోనే చేసి పెట్టినా, సార్ చెప్పినట్టే రంగు టేపులు, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, చివర్న నల్లది. చిన్న చిన్న జల్లులకు ఎరుపు కూడా దాటేది కాదు, పిలకాయలు డబ్బాను తిట్టేవాళ్ళు. పోయిన వారం రెండు రోజులు సెలవిచ్చినారు, తుఫాను ఎఫెక్ట్ అని. ఇప్పుడు మా క్లాసులో రెడ్ అలర్ట్ అంటే ఏంది అని అడిగితే హాలిడే అని చెప్తారు, దాన్ని మాత్రం నేను మార్చలేను.

సెలవు తర్వాత వచ్చిన రోజు ఇంకా సన్నగా తుంపర పడతా ఉంది, ఉరుములు లేవు, పెద్దపిల్లల్ని అయిదుగురిని గొడుగు కింద పైకి తీసకపోయినా. డబ్బా నిండి పొంగి పోయింది. నల్ల టేపు నీళ్ళలో మునిగి ఉంది. అందరూ గమ్మున చూస్తా ఉండారు. మిస్, వాన డబ్బా పట్టలేదు, ఇంగ పెద్ద డబ్బా కావాలి, అనింది పాప. ఆ నీళ్ళు ఏం చెయ్యాలంటే అయిదుగురూ ఒకేసారి వేపచెట్టుకు అన్నారు. డబ్బా మోసుకోని దిగి, ఒక్కొక్కరూ కొంచెం కొంచెం పోసినారు. పైన వాన పడతానే ఉంది చెట్టు మీద.

వానకు భయపడే పిల్ల ఒకామె ఉండింది మా క్లాసులో, ఇద్దరుపిల్లల అమ్మగారు చెప్పినాక అందరి ఇళ్ళకూ ఫోన్ చేసి అడిగినా, అప్పుడు తెలిసింది. ఆ పాపను కొలిచేదానికి పైకి పిలవలేదు, రంగు టేపు ఎంతదాకా వచ్చిందో పలక మీద గీసే పని ఇచ్చినా. రోజూ మేము దిగొచ్చేదాకా సుద్దముక్క పట్టుకోని మెట్ల దగ్గర నిలబడి ఉంటాది.

చార్టు సంగతి: మంచుబొమ్మ మీద ఒక కాగితం అతికించినాం, కొండ బొమ్మ, దాని మీద బూడిద రంగు క్రేయాన్‌తో గీసేసినారు, కొండ లేదు అని గుర్తు. నవంబర్లో అట్లాంటి రోజులు చాలానే వచ్చినాయి. ఈపొద్దు పొద్దున గేటు దగ్గర వ్యాన్ దిగంగానే నురగ తిన్నోడు లగెత్తుకోని వచ్చి, మిస్ కొండ సగమే వచ్చింది, ఇంగా సగం రాలేదు, అని చెప్పి బాణం తిప్పడానికి పోయినాడు.


ఇద్దరుపిల్లల_అమ్మ | నవంబర్ 14

ఆ పాపకు సుద్దముక్క ఇచ్చినందుకు చాలా థాంక్స్ మేడం. మావాడికి చదివి వినిపించా.

ఒక డౌటు, బాటిల్ ఏ సైజుది? మా చిన్నదానికి ఇంట్లో చేద్దామని చూస్తే అన్నీ నడుము సన్నగా ఉండేవే దొరుకుతున్నాయి.


కొండకింద_టీచర్ | నవంబర్ 15

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ అమ్మా, నడుము లేనిది చూసుకోండి. దొరక్కపోతే నిటారుగా ఉండే పచ్చడి డబ్బా అయినా సరే, గరాటు లేకపోతే ఎండొచ్చేలోపల పొద్దున్నే కొలిచెయ్యండి, లేదంటే సగం ఎండ తాగేస్తుంది. డబ్బాను రెండుసార్లు సబ్బుతో కడగండి, మాకు మొదటి డబ్బాకు చీమలు పట్టినాయి.